పలచగా పడిన ‘ఎ’

దయ్యాలూ పూనకాలూ అంటే నవ్వే మనిషిని నేను. మా ఇంట్లో అందరం ఆదివారం చర్చికి వెళ్ళొచ్చి, మిగతా రోజులు మా పనులేవో మేం చూసుకునేవాళ్ళం. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. కానీ బాపట్లలో రాసిన ఆ టైపు పరీక్ష సంగతి మాత్రం నాకు నేనే సర్దిచెప్పుకోలేకపోతున్నాను.

ఎనభైల చివర్లో తెనాలిలో ఇంగ్లీషు టైపు నేర్చుకునేదాన్ని. లోయర్ పరీక్ష రెండుసార్లు తప్పాను. నా తర్వాత చేరిన పిల్లలు హయ్యర్‌కి వెళ్ళిపోతే, నేనింకా మీటల వంక చూసుకుంటూ కొడుతున్నాను.

“ఏంటమ్మా, మళ్ళీ కిందకే చూపా? మీ అక్క రోడ్డు మీద బస్సులు చూస్తూ కొట్టేది” అనేవారు మాస్టారు అందరి ముందూ. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఈసారి తప్పితే మానిపించేస్తానని నాన్న కూడా చెప్పేశారు.

అక్క హయ్యర్ ఫస్టుక్లాసులో ప్యాసైంది. చిన్నప్పుడు తలుపు సందులో నలిగి, ఎడమ చిటికెన వేలికి సత్తువ పోయింది. ‘ఎ’ కొట్టాల్సింది ఆ వేలితోనే. అందుకే అక్క కొట్టిన కాగితం మీద ఆ ఒక్క అక్షరం పలచగా పడేది. అది చూసి మాస్టారు ఎవరి కాగితమో ఇట్టే చెప్పేవారు.

పెళ్ళయి రేపల్లె వెళ్ళాక అత్తింటివాళ్ళు అక్కను ఉద్యోగం చేయనివ్వలేదు. ఎప్పటికైనా ఒప్పుకుంటారని, మర్చిపోకుండా రోజూ వంటింటి పీట మీద టైపు కొడుతున్నట్టు వేళ్ళు ఆడిస్తూ ఉండేది.

అప్పట్లో పరీక్షకు మిషన్లు మేమే తీసుకెళ్ళాలి. మాస్టారు వాటికి గోనెసంచులు చుట్టించి బాపట్ల చేర్పించారు. అక్క నేర్చుకున్న మిషనే నాకు వచ్చింది.

గంట కొట్టారు. మొదటి లైనులోనే తప్పులు పడ్డాయి. చుట్టూ అందరి మిషన్లూ రేకుల మీద వానలా మోగుతుంటే, మళ్ళీ తప్పుతానని ఏడుపొచ్చేసింది. కళ్ళనిండా నీళ్ళు. ప్రశ్నపత్రం అలికినట్టయింది. వేళ్ళు మాత్రం ఆగలేదు.

కళ్ళు తుడుచుకునేసరికి పేజీ అయిపోయింది. మిగతావాళ్ళు ఇంకా కొడుతూనే ఉన్నారు. కాగితం తీసి చూశాను. మొదటి లైనులో ‘ఎ’ నల్లగానే ఉంది. రెండో లైను నుంచి ప్రతి ‘ఎ’ పలచగా పడింది.

మిషన్‌దే లోపమనుకున్నాను. మర్నాడు తెనాలిలో అదే మిషన్ మీద కొట్టి చూస్తే ‘ఎ’ నల్లగా పడింది. నా స్పీడు కూడా ఎప్పటిలాగే ఉంది.

ఫస్టుక్లాసు వచ్చింది. మాస్టారు అందరికీ స్వీట్లు పంచారు. నేను రేపల్లె రైలెక్కాను.

అక్క ఎంతో సంతోషించింది. తర్వాత వంటింట్లో మెల్లగా అంది.

“నీ పరీక్ష రోజు పొద్దున బియ్యం ఏరుతున్నానే. వేళ్ళు వాటంతటవే చేట మీద ఆడాయి. కాసేపటికి ఆగిపోయాయి. అప్పట్నుంచీ ఏ అక్షరం ఎక్కడుందో ఎంత తలుచుకున్నా గుర్తు రావట్లేదే చెల్లీ.”

పలచగా పడిన అక్షరం సంగతి నేనింకా దానికి చెప్పనేలేదు.

ఆ సర్టిఫికెట్‌తోనే నాకు ఉద్యోగం వచ్చింది. ఆఫీసులో ఇప్పటికీ మీటలు చూసుకుంటూనే కొడతాను. ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలియదు. రేపల్లె వెళ్ళినప్పుడల్లా అక్క కొసరి కొసరి వడ్డిస్తుంది. ఆ చేతి వంక చూడలేక, సిగ్గుతో తలొంచుకుని కంచంలోకే చూస్తూ తింటాను.