డేనియల్ ఆపకుండా వదిలేసిన రికార్డింగు

నేను చేసిన వెధవ పనులు లెక్కపెడితే రెండు చేతుల వేళ్లూ చాలవు. కానీ ప్రాణస్నేహితుడు పోయాక ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికలో, పాస్టరు గారి సమక్షంలో, హాలునిండా జనం చూస్తుండగా చేసింది మాత్రం ఒక్కటే. మీరు చదివి నవ్వుకోండి. ఆ రోజు నాకు చొక్కా తడిసిపోయింది.

డేనియల్‌ది వేణువు, నాది వయోలిన్. చెన్నైలో సినిమా పాటలకు ముప్పై ఏళ్లు పక్కపక్కన కూర్చుని వాయించాం. నేను తెనాలి నుంచి పెట్టె పట్టుకుని దిగినవాణ్ణి, వాడు అక్కడి వ్యాసర్పాడి పేటలోనే పుట్టి పెరిగినవాడు. చివరి కొన్నేళ్లూ చాలా పాటలకు ఎవరింట్లో వాళ్లమే రికార్డు చేసి పంపేవాళ్లం. ముందు నా వయోలిన్ వెళ్లేది. అది చెవుల్లో పెట్టుకుని వింటూ వాడు వేణువు ఊదేవాడు. అయితే వాడికో జబ్బు ఉండేది. పాట అయిపోయినా రికార్డింగు ఆపడు. పెదవి మీంచి వేణువు తీయగానే తిట్లు మొదలు. పాటను, రాసినవాణ్ణి, ముఖ్యంగా సంగీత దర్శకుణ్ణి! ఆ తోక కత్తిరించడం సౌండ్ ఇంజినీర్ల పని. కత్తిరించే ముందు పదిసార్లు విని నవ్వుకునేవారట.

పోయిన ఏడాది వాడు గుండెపోటుతో పోయాడు. భార్య రూతమ్మ, కూతురు కరుణ మిగిలారు. కరుణ కూడా వేణువే, బాగా వాయిస్తుంది. మాతో చివరగా పనిచేయించుకున్న సంగీత దర్శకుడు ఆ పిల్లకు తన బృందంలో చోటిస్తానని సగం మాట ఇచ్చాడు. మిగతా సగం ఎలా రాబట్టాలా అని రూతమ్మ దిగులు.

"ఆయన కూడికకి వస్తా వుండాడు మూర్తన్నా. మనసు కరిగేట్టు ఏమన్నా చెయ్యి. పాప బతుకు ఆయన చేతిలో వుండాది" అంది.

"నువ్వు ఊరుకో అమ్మా, నేను చూసుకుంటానుగా!"

నేను చూసుకుంటానన్న పని ఏదీ సవ్యంగా జరగలేదని పాపం ఆవిడకు తెలియదు.

నా పథకం ఇది. డేనియల్ ఇంట్లో చివరిసారి ఊదిన వేణువు అసలు ఫైలును స్పీకర్లలో పెడతారు. నేను వేదిక మీద దానితో కలిసి వయోలిన్ వాయిస్తాను. దర్శకుడు కరిగి నీరవుతాడు. ఆ ఫైలు ముందే విన్నావా అని మీరు అడగవచ్చు. నాలుగుసార్లు పెట్టాను. నాలుగుసార్లూ వేణువు మొదలవగానే ఏడుపొచ్చి ఆపేశాను.

కూడిక రోజున మిక్సర్ దగ్గర కూర్చున్న సెల్వం అడిగాడు కూడా.

"సార్, ఎండింగ్ కట్ చేసినారా?"

"నీకెందుకయ్యా అవన్నీ? పెట్టమన్నప్పుడు పెట్టు."

పెట్టాడు. వేణువు మొదలైంది, నేను అందుకున్నాను. ముందు వరసలో దర్శకుడు జేబురుమాలు తీశాడు. ఆహా, పని అయిపోయింది అనుకున్నాను. పాట ముగిసింది. స్పీకర్లలో స్టూలు కిర్రుమంది. తర్వాత డేనియల్ గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, తోక!

సెల్వం హాలు చివర ఉన్నాడు. ఆపమని వయోలిన్ కమాను పైకెత్తి ఊపాను. సౌండ్ పెంచమంటున్నాననుకుని పెంచాడు ఆ మహానుభావుడు. ఇంకా గట్టిగా ఊపాను. ఇంకా పెంచాడు.

"ఏమే రూతూ, టీ ఈడ పెట్టు" అంది హాలు దద్దరిల్లేలా డేనియల్ గొంతు. "ఈ మ్యూజిక్ డైరెక్టర్ వుండాడే..."

అని ఆగి, టీ గుక్క వేశాడు. నా జీవితంలో అంత పొడుగాటి గుక్క వినలేదు. దర్శకుడు రుమాలు మడిచి జేబులో పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. రూతమ్మ మొహంలో నెత్తురు లేదు. కరుణ తల దించేసుకుంది. పిల్ల బతుకు నా చేతులతో నేనే ముంచేశాను.

"...ఈయన ఎంత చెవి పెట్టి విన్నా కనుక్కోలేడు మే. మూర్తిగాడి వయోలిన్ రెండో చరణంలో శ్రుతి దిగిపోయింది. నేను ఆడ గట్టిగా ఊది కప్పేసినా. ముప్పై ఏండ్లుగా కప్పతానే వుండా. వాడికి చెప్పబాక, బాధపడతాడు."

రికార్డింగు టక్కున ఆగింది. ముందుగా నవ్వింది రూతమ్మే. కళ్లనీళ్లు కారుతుండగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత హాలంతా పగలబడి నవ్వింది. పాస్టరు గారు బైబిలు చాటున నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఇందాక అందరి ముందూ వాయించినప్పుడు కూడా రెండో చరణంలో నా శ్రుతి మళ్లీ దిగింది. వాడు మళ్లీ కప్పేశాడు. అది తట్టగానే వేదిక మీదే చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను.

దర్శకుడు లేచి నిలబడ్డాడు. అందరూ నవ్వు ఆపేశారు.

"కరుణా, బుధవారం స్టూడియోలో రికార్డింగు ఉంది. వచ్చెయ్యమ్మా."

"సార్..."

"మీ నాన్న సీటే. మూర్తిగారి పక్కన. ఏం చెయ్యాలో విన్నావుగా?"

"విన్నా సార్" అంది ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ. "గట్టిగా ఊదాల."

ఆ సాయంత్రమే వయోలిన్ మీద చెయ్యి వేసి ఘోరప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఏ రికార్డింగునూ చివరిదాకా వినకుండా పదిమందిలో పెట్టను, పెట్టను, పెట్టను. శ్రుతి తప్పనని మాత్రం ప్రమాణం చెయ్యలేదు. చేస్తే ఆ పిల్ల ఉద్యోగం ఏం కావాలి?