ఎడమ పక్క అద్దం

ఏ పనైనా పుస్తకంలో చదివేస్తే వచ్చేసినట్టేనని నేను గట్టిగా నమ్మిన రోజులవి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కార్ల షోరూంలో సేల్స్ కుర్రాడిగా చేరాను. నాకు కారు నడపడం రాదు (ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు). కానీ సాయంత్రాలు శాఖా గ్రంథాలయంలో కూర్చుని మోటారు వాహనాల పుస్తకాలన్నీ నమిలేశాను. మూడు నెలల్లో ఒక్క కారైనా అమ్మి, కొన్నవారి చేత తృప్తిగా ఉందని కాగితం మీద రాయించుకోవాలి. లేకపోతే ఉద్యోగం లేదు. రెండు నెలల ఇరవై రోజులు ఈగలు తోలుకున్నాక, భవానీపురం నుంచి రిటైరైన హెడ్మాస్టరు గారొకరు వచ్చారు.

ఖరీదైన మోడల్లో పక్క అద్దాలు బటన్ నొక్కితే ముడుచుకుంటాయనీ, ఇంకో బటన్ నొక్కితే వేడెక్కుతాయనీ చెప్పాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "ఈ బెజవాడ ఎండల్లో అద్దానికి మళ్ళీ వేడి ఎందుకయ్యా?" అన్నారు. గాలిలో తేమ, ధనుర్మాసంలో కృష్ణ ఒడ్డున కమ్మే పొగమంచు, అద్దం వెనక సన్నని తీగల్లో పారే కరెంటు, అన్నీ ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాను. "ఎక్కడ చదివావు?" "లైబ్రరీలోనండీ." మాస్టారు మెత్తబడ్డారు. ఆ మోడలే ఖాయం చేశారు.

నా గడువు ఇంకా మూడు రోజులుందనగా కారు తీసుకెళ్ళడానికి సకుటుంబంగా వచ్చారు. పదిన్నరకి వర్జ్యం, ఆలోగా ఇల్లు చేరాలి. మాస్టారి భార్య (ఆవిడా టీచరే) బానెట్టుకీ చక్రాలకీ బొట్లు పెట్టి, "అవీ కారుకి కళ్ళే కదా బాబూ" అంటూ పక్క అద్దాలకి పసుపూ గంధమూ కలిపి దట్టంగా పూశారు. ఆ తడి ఆవిడ పట్టుచీరకి అంటుతుందేమోనని నాకో గొప్ప ఆలోచన వచ్చి, వేడి బటన్ నొక్కాను. అంతటితో ఊరుకోవచ్చు కదా. అద్దాలు ముడిచి తెరిచి చూపిస్తే బంధువులు "ఏదీ, ఇంకోసారి" అన్నారు. పావుగంట సేపు ఆడించాను. ఈలోగా పసుపు కాస్తా పెనానికి అంటుకుపోయిన అట్టులా గట్టిపడి, పెచ్చులుగా కూడా ఊడనంది.

స్టీరింగ్ ముందు కూర్చున్న మాస్టారు, "తుడిచెయ్యవోయ్, వెనక ఏమీ కనబడటం లేదు" అన్నారు.

"పూజ చేసిన పసుపు తుడుస్తారుటండీ?" అన్నారు టీచరుగారు. "ఇన్నేళ్ళూ మీ సైకిలుకి అద్దం ఉందా ఏం?"

"సైకిలు మీద నిన్నొక్కదాన్నే ఎక్కించుకున్నాను. ఇప్పుడు నలుగురిని ఎక్కించావు." నిజమే, లోపలి అద్దంలో వెనక సీటు బంధువుల తలలు తప్ప ఇంకేమీ లేవు. మాస్టారు తాళం తీసేశారు. "రేపటి నుంచి మూఢం. అది పోయాకే తీసుకుందాం, ఇక్కడే ఉండనీ."

మూఢం పోయేసరికి నేను ఇక్కడ ఉండను. "వెనక నేను చూసి చెబుతానండీ" అనేశాను.

ఎడమ సీటులో కూర్చుని తల కిటికీలోంచి బయట పెట్టాను. "ఆటో వస్తోందండీ... ఆగండి... లారీవాడికి దారివ్వండి." ఎండ దెబ్బకి మొహం కాలిపోతోంది. బస్సు పక్కకి వచ్చినప్పుడల్లా తల లోపలికి ముడుచుకుంటున్నాను, అది పోగానే మళ్ళీ బయటికి తెరుస్తున్నాను. దుర్గ గుడి మలుపు దగ్గర వెనక సీటులోంచి ఎవరో, "ఈ సౌకర్యం అన్ని మోడల్స్‌కీ ఇస్తారా బాబూ?" అని అడిగారు. "వెనక ట్యాంకరు ఉందండీ, ఆగండి" అన్నాను మాస్టారితో.

వర్జ్యానికి ఐదు నిమిషాల ముందు ఇల్లు చేరాం. టీచరుగారు మజ్జిగ ఇచ్చారు. మాస్టారు నా కాగితం అందుకుని, పాఠశాల అలవాటు కొద్దీ ఎర్ర కలంతో రాశారు: "తృప్తిగా ఉంది. అద్దాలు చక్కగా పనిచేశాయి, ముఖ్యంగా ఎడమది."

ఉద్యోగం నిలబడింది. ఆ తరవాత ఎన్ని కార్లు అమ్మానో గుర్తు లేదు గానీ, ఎండకి కమిలిన మొహంతో, ఆ కాగితం జేబులో పెట్టుకుని, బస్సెక్కి షోరూంకి తిరిగివెళ్ళిన ఆ కుర్రాడు మాత్రం గుర్తున్నాడు. అంత తెలివి తక్కువగా, అంత ధైర్యంగా ఉండటం ఇప్పుడు నా వల్ల కాదు.