ఆరంగ్ అమ్మాయి

పూర్ణిమకు ఇరవయ్యో ఏడు నడుస్తుండగా ఇంట్లో ఫ్యాను ఆమె పేరు పలకడం మొదలుపెట్టింది. అమ్మ పిలిచిందనుకుని వంటింట్లోకి పరుగెత్తేది. "నేను పిలవనేదే పిల్లా," అనేది తల్లి రంగనాయకమ్మ. కొన్నాళ్లకు కాలేజీ బస్సులో ఎవరు నవ్వినా తనను చూసే అనిపించింది. 2022లో, బీకాం సగంలో ఉండగా, బీర్‌గావ్‌లోని ఇల్లు దాటి బయటికి వెళ్లడం మానేసింది.

తండ్రి పున్నయ్య శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ప్రాంతానికి వలసొచ్చి, దగ్గర్లోని సిల్తారా ఉక్కు కర్మాగారంలో క్రేను నడుపుతున్నాడు. గాలి సోకిందని, మంత్రం వేయించమని పక్కింటివాళ్లు చెబితే ఆయన చెవిన పెట్టలేదు. సెలవు పెట్టి కూతుర్ని ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు.

"జబ్బు ఇంకా ముదరలేదు. ముదరకుండా ఇప్పుడే చూసుకోవాలి," అంది డాక్టరు. బస్సెక్కలేని పిల్ల వారం వారం ఎలా వస్తుందని, ఫోన్‌లోనే సాయం అందే ఏర్పాటు చేసింది.

బుధవారం నాలుగింటికి కౌన్సెలర్ సుభద్ర తెర మీదికి వచ్చేది. "నిన్ను చూసే నవ్వారని నీకు పదికి ఎంత నమ్మకం?" అని అడిగేది.

"తొమ్మిది."

"అయితే ఆ మిగిలిన ఒకటి గురించి మాట్లాడుకుందాం."

రెండు నెలలకు, ఇలాంటి ఇబ్బందే ఉన్న ఎనిమిది మంది ఫోన్ గుంపులో చేర్చారు. అదీ బుధవారమే, సుభద్రే నడిపేది. అక్కడ మాటలన్నీ హిందీలో రాసుకోవడమే. అసలు పేర్లూ ఊర్లూ చెప్పకూడదు. మహువా అని పేరు పెట్టుకున్న అమ్మాయి మొదటి రోజే రాసింది: "నన్ను కుళాయి పిలుస్తుంది. ఆగు, పప్పు మాడిపోతోంది అని చెప్పి వెళ్లిపోతాను."

పూర్ణిమ పగలబడి నవ్వింది. ఎన్నాళ్లకో విన్న ఆ నవ్వుకు రంగనాయకమ్మ చేతిలో గరిటెతో గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది.

ఆ తర్వాత బుధవారం కోసం పూర్ణిమ ప్రాణం కొట్టుకునేది. మహువా గొంతు వినలేదు, ముఖం చూడలేదు. అయినా జడ వేసుకుంటున్నా, బియ్యం ఏరుతున్నా ఆ పిల్లకు చెప్పాల్సిన మాటలే పోగుపడేవి. ఒకసారి మహువా పొరపాటున, తమ మేడ మీది నుంచి ఆరంగ్ ఊళ్లోని పాతగుడి శిఖరం కనిపిస్తుందని రాసేసింది. సుభద్ర ఆ మాట తీసేసింది గానీ, పూర్ణిమ మనసులోంచి తీయలేకపోయింది.

ఏడో నెలలో మహువా రావడం మానేసింది. ఒక వారం, రెండు వారాలు, నాలుగు. పూర్ణిమకు అన్నం సయించలేదు.

"మేడమ్, ఆమె బాగుందా?" అని అడిగింది ఒంటరిగా మాట్లాడే వేళ.

సుభద్ర తెరకు దగ్గరగా జరిగింది. "బాగుంది. అంతకంటే చెప్పకూడదు. చెప్పనందుకు నన్ను తిట్టుకో."

తిట్టుకోలేదు. ఆ శనివారం పొద్దున్నే చున్నీ బిగించుకుని బస్సెక్కింది. వెనక సీట్లో ఎవరో నవ్వారు. పదికి ఎంత అని తనను తానే ప్రశ్నించుకుంది. నాలుగు. దిగలేదు.

ఆరంగ్‌లో గుడి చుట్టూ నడిచింది. ప్రతి మేడనూ తలెత్తి చూసింది. ఒక మేడ మీద బట్టలారేస్తున్న అమ్మాయి కిందికి చూసి, ఎవరు కావాలని సైగ చేసింది. పూర్ణిమ నోరు తెరిచింది గానీ, అడగడానికి ఆమె దగ్గర పేరు లేదు. ఎవరూ లేరన్నట్టు చెయ్యూపి ముందుకు సాగింది.

ఇంటికొచ్చేసరికి మూడయింది. "ఎక్కడికెల్నావే? ఫోనెత్తవేటి? నాకు టెన్షన్‌తో ప్రాణం పోయింది," అంది రంగనాయకమ్మ.

"ఆరంగ్ ఎల్లానమ్మా. బస్సులో."

"బస్సులోనా!" తల్లి కుర్చీ లాక్కుని కూర్చుంది. "అక్కడ మనకెవులున్నారే?"

"ఉన్నాదమ్మా ఒకమ్మాయి," అంది పూర్ణిమ. "కనబడనేదు."

మరుసటి ఏడు ఆమె మళ్లీ కాలేజీలో చేరింది. ఫ్యాను అప్పుడప్పుడూ పిలుస్తూనే ఉంటుంది, తను పలకదు. కానీ రద్దీ బజారులో తన ఈడు పిల్ల ఎవరైనా గట్టిగా నవ్వితే, ఇప్పటికీ అడుగు ఆపి, ఆ ముఖం కేసి ఆశగా చూస్తుంది.