గుంజలుగా నిలబడినవాళ్లు

ఎండిన ఎర్రమట్టి మీద నీళ్లు చల్లగానే లేచే వాసన ఇవాళ పొద్దున్న మళ్లీ తగిలింది. తవ్విన గుంట అడుగున తడి పరుచుకుంటుంటే రాజ్యలక్ష్మి మేడమ్ పక్కనే ఉన్నట్టనిపించింది. విశాఖలో మాకు చరిత్ర చెప్పిన లెక్చరర్ ఆవిడ. ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగి, చరిత్రంటే రాజుల పేర్లే అనుకున్న నన్ను పురావస్తు తవ్వకాల్లోకి లాక్కొచ్చింది ఆవిడే.

తొంభైల చివర్లో ఒకరోజు క్లాసులో హోహోకాం ఊళ్ల గురించి చెప్పారు. వందల ఏళ్ల కిందట అమెరికాలోని అరిజోనా ఎడారిలో బతికిన రైతులు వాళ్లు. ఇనుము ఎరగరు. కర్రలతో, రాతి పనిముట్లతో మైళ్ల పొడవునా కాలువలు తవ్వి మొక్కజొన్న, పత్తి పండించారు. పల్లంగా తవ్విన నేలలో గుంజలు పాతి, మట్టి మెత్తి ఇళ్లు కట్టుకున్నారు.

"మరి ఆ ఇళ్లేవీ మేడమ్?" అన్నాను.

"గుంజ పుచ్చిపోయింది. అది దిగిన చోట నల్లటి మచ్చ మిగిలింది. ఆ మచ్చలు కలిపి చూస్తే ఇల్లు, ఇళ్లు కలిపి చూస్తే ఊరు," అన్నారు. మచ్చల్ని చూసి ఊరనడం నాకు మరీ చోద్యంగా తోచింది.

ఆ వేసవిలోనే రుషికొండ అవతల ఒక దిబ్బ మీద తవ్వకానికి మమ్మల్ని తీసుకెళ్లారు. దాన్ని చదును చేసి ప్లాట్లు వేయాలని ఎవరో తొందరపడుతున్నారు. పాత ఊరుందని తేల్చకపోతే దిబ్బ పోయినట్టే. ఎంత తవ్వినా కుండపెంకులు తప్ప గోడ లేదు, నాణెం లేదు. దిబ్బను ఉంచాలో వద్దో తేల్చడానికొచ్చిన ఆఫీసరుకు ఎర్రనేలలో గుండ్రంగా తేలిన నల్ల మచ్చలు చూపిస్తే, "మచ్చల కోసం పని ఆపమంటారా?" అని నవ్వేశారు. నా ప్రాణం ఉసూరుమంది.

మేడమ్ తొణకలేదు. మట్టి మోయడానికొచ్చిన జాలరి ఆడవాళ్లను పిలిచి, మచ్చ తొక్కకుండా దాని వెనకే ఒక్కొక్కరిని నిలబడమన్నారు.

"గుంజలు సేసీసినారేటి మేడమ్ మమ్మల్ని?" అంది నూకాలమ్మ.

"ఈ పూటకి గుంజలే. చేతులు పట్టుకోండి."

నేనూ ఒక గుంజనయ్యాను. చుట్టూ మనుషుల గోడ లేచింది. సముద్రం వైపు ఒకచోట ఖాళీ మిగిలింది. "గుమ్మం ఇది, రండి సార్," అన్నారు మేడమ్. ఆఫీసరు చెప్పులు విడిచి, తల వంచుకుని లోపలికొచ్చారు. పైన ఏమీ లేదు, అయినా వంచారు. కాసేపు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "వంట ఎక్కడ చేసుకునేవారు?" అని అడిగారు.

"మీ ఎడమ చేతి వైపు. ఆ కాలిన మట్టే పొయ్యి," అన్నారావిడ. ఆయన వంగి దాని దగ్గర చాలాసేపు కూర్చుండిపోయారు.

ఆ దిబ్బ మీదికి బుల్డోజర్ ఎక్కలేదు. మేడమ్ ఇప్పుడు లేరు. ఆవిడ పని నేను చేస్తున్నాను. వాదించి గెలిచింది తక్కువే. ఎవరైనా వచ్చి ఏం దొరికిందని అడిగితే కంగారుపడను, మచ్చల వెనక మనుషుల్ని నిలబెట్టి లోపలికి రమ్మంటాను. వంటిల్లు ఎక్కడని అడిగేదాకా వాళ్లను ఆ ఇంట్లోంచి కదలనివ్వను.