చెరిపేసిన గొంతు

బ్యాండులో అందరూ అతన్ని మేస్త్రి అనేవారు. పాట కట్టేదీ అతనే, గిటారు వాయించేదీ అతనే, గాయకుడికి పాట నేర్పేదీ అతనే. నేర్పడమంటే ఎదురుగా కూర్చోబెట్టుకుని కాదు. ముందు పాటంతా తన గొంతుతో పాడి రికార్డు చేసేవాడు. గాయకుడు దాన్ని హెడ్‌ఫోన్లలో వింటూ, మేస్త్రి ఎక్కడ విరిస్తే అక్కడ విరిచి, ఎక్కడ ఊపిరి తీస్తే అక్కడే తీసి పాడేవాడు. దాన్ని గైడ్ అంటారు. గాయకుడి పని అయ్యాక మేస్త్రి తన గైడును తన చేత్తోనే చెరిపేసేవాడు.

"ఉంచుకోరా అబ్బాయ్," అనేవాడు రికార్డింగ్ ఇంజనీరు.

"ఇల్లు లేచాక పరంజా ఎవడుంచుకుంటాడు బాబాయ్!" అని నవ్వేవాడు. పన్నెండేళ్ళు ఇలాగే దర్జాగా మాట్లాడాడు మహానుభావుడు.

ఆపైన గాయకుడు వేరు కుంపటి పెట్టాడు. బ్యాండు ముక్కలైంది. జనం మాత్రం ముక్కలు కాలేదు, మొత్తంగా గాయకుడి వెంటే పోయారు.

మేస్త్రి చేతులు ముడుచుకు కూర్చోలేదు. డ్రమ్ములతనితో జోడీ కట్టాడు, అది మూన్నాళ్ళ ముచ్చటైంది. పాట లేకుండా వట్టి వాయిద్యాలతో ముగ్గురు కలిసి ఒక హోటల్లో వాయించారు, చెంచాల చప్పుడు గెలిచింది. నీళ్ళ ఫిల్టరు ప్రకటనకు పదకొండు సెకన్ల బాణీ ఇచ్చాడు. అన్నిటిలోకీ జనం విన్నది అదే. చివరికి యాభయ్యో పడి దగ్గర పడుతుండగా తొమ్మిది పాటలు కట్టి, తనే పాడి, సొంత ఆల్బమ్ విడుదల చేశాడు. ఒక్కటే కోరిక: ఈ గొంతు వీడిదేనని నలుగురూ అనాలి.

"అచ్చం ఆయనలాగే పాడాడే!" అన్నారు నలుగురూ. పులిని చూసి నక్క వాత పెట్టుకుందని ఒక పత్రికాయన రాశాడు. రేడియోలో ఒకమ్మాయి, "మీరు ఆయన వీరాభిమానా సార్?" అని ఎంతో మర్యాదగా అడిగింది. గాయకుణ్ణి కదిపితే, "పాపం, మంచివాడు. ఇన్నేళ్ళు నా పక్కనే ఉన్నాడుగా, అంటుకుని ఉంటుంది," అన్నాడు. ఆ 'పాపం' మేస్త్రికి వారం రోజులు తిండి సహించనివ్వలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలిసీ ఇంజనీరు దగ్గరికి పరిగెత్తాడు.

"బాబాయ్, నా గైడ్ ఒక్కటైనా మిగిలిందా? వాడే నా దగ్గర నేర్చుకున్నాడని చూపించాలి."

"నీ చేత్తో నువ్వే తుడిచావు కదరా!"

అయినా పాపం ముసలాయన రెండు రోజులు పాత పాటలన్నీ తవ్వాడు. ఒక్కచోట దొరికింది. గాయకుడు హెడ్‌ఫోన్లలో శబ్దం బాగా పెంచుకునేవాడు. ఆ హెడ్‌ఫోన్లలోంచి మేస్త్రి గొంతు కారి అతని మైకులో పడింది. గాయకుడు ఆలస్యంగా అందుకున్న ఒక చరణంలో, అతనికంటే ముందు, మూడే మూడు మాటలు. ఇంజనీరు వాటిని విడదీసి, గరగర తీసేసి, శబ్దం పెంచి ఇచ్చాడు. మేస్త్రి అక్కడే, ఆ కుర్చీలోనే వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఊళ్ళో వాళ్ళకంటే ముందు భార్యకు వినిపించాలనుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా వంటింటి గోడకవతల అతని కూనిరాగాలు వింటున్న మనిషి. ఆవిడకు ఏమీ చెప్పకుండా ఫోను చేతికిచ్చాడు. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. మళ్ళీ పెట్టమంది. ముఖం విప్పారింది.

"ఎంత బాగా పాడాడండీ! మీరెన్నయినా చెప్పండి, ఆ గొంతు ఆయనకే సొంతం," అంది. ఫోను తిరిగి ఇస్తూ, "ఇందులో మీరేం చేశారు?" అని అడిగింది.

మేస్త్రి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"గిటారు," అన్నాడు.

"నాకు వినపడలేదే," అందావిడ.