పాలకు గడి లేని పుస్తకం

పావగడ తాలూకాలో నేను సర్కారు మిడ్‌వైఫుగా పనిచేసిన రోజులవి. మహారాజుల కాలం, యుద్ధం ఇంకా ముగియలేదు. కాన్పులు చేయడం నా పని. దాంతోపాటు ఇంకొకటి కూడా అంటగట్టినారు. ఠాణాలో ఆడవాళ్లను పెట్టే గది ఒకటి ఉండేది. అందులో ఉన్నవాళ్లను సరిగా చూసుకుంటున్నారా లేదా అని ఒక ఆడమనిషి వారానికొకసారి పోయి చూసి పుస్తకంలో రాయాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. చదువుకున్న ఆడమనిషిని చుట్టుపక్కల నేనొక్కదాన్నే. అది ఏ ఊరి ఠాణానో చెప్పను. అప్పటివాళ్ల పిల్లలు ఇంకా ఆ ఊళ్లోనే బతుకుతున్నారు.

ముందు నా తప్పు చెబుతాను. ఏడాది పొడుగునా నేను ఆ గదిలో అడుగు పెట్టలేదు. సోమవారం పొద్దున పోతే ఠాణా చూసుకునే దఫేదారు వరండాలోనే కుర్చీ వేసి మజ్జిగ ఇప్పించేవాడు. పుస్తకంలో అచ్చేసిన గడులు ఉండేవి. గది శుభ్రం ఒక గడి, తిండి ఒక గడి, నీళ్లు, ఫిర్యాదులు. ఠాణా రాతపని చేసే రైటరు వాటిని ముందే నింపి పెట్టేవాడు. నేను కింద సంతకం చేసి నా కాన్పులకు నేను పోయేదాన్ని. చాలా వారాలు గది ఖాళీగానే ఉండేది. ఎవరైనా ఉన్నా, సారాయి కాసిందనో సంతలో కొట్లాడిందనో పట్టుకొచ్చిన మనిషి, రెండు దినాల్లో పోయేది. చూడాలని నాకు తోచనేలేదు.

ఒక సోమవారం మజ్జిగ తాగుతుంటే విరిగిన పాల వాసన తగిలింది. ఆవుదీ కాదు, మేకదీ కాదు. బాలింతల పక్కన కూర్చుని బతికిన దాన్ని, ఆ వాసన నాకు తెలుసు. లోపల ఎవరున్నారని అడిగినాను.

"పిచ్చిది నర్సమ్మా. కరుస్తాది. ఆడికి పోవద్దు," అన్నాడు దఫేదారు.

తలుపు తీయమన్నాను. బీగంచెవి రైటరు దగ్గర ఉందన్నాడు, రైటరు భోజనానికి పోయినాడన్నాడు. పొద్దున తొమ్మిదింటికి ఏం భోజనమని నేను తలుపు ముందర నిలబడినాను. బీగంచెవి అతని నడుము పట్టీకే వేలాడుతోంది.

లోపల కిటికీ కమ్మీకి గొలుసు, ఆ గొలుసు కొసన ఒక పిల్ల కాలు. ఇరవై ఏండ్లు ఉంటాయో లేదో. చీర ముందరంతా తడిసి, ఎండి, మళ్లీ తడిసి అట్టకట్టింది. రొమ్ములు రాళ్లమాదిరి గట్టిపడినాయి. నుదుటి మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టు ఉంది. ఆమె కరవలేదు. నా చెయ్యి పట్టుకుని, "బిడ్డకు పాలియ్యల్ల. పొద్దెంతైంది?" అని అడిగింది.

దఫేదారును నిలదీస్తే ఒక్కొక్కటే బయటికి వచ్చింది. ఆమె అత్తగారిది మా తాలూకాలోనే అరసికెరె పక్క పల్లె. కాన్పైన నాలుగో దినం జ్వరం కాసింది. ఆ జ్వరంలో ఏదేదో మాట్లాడింది, అత్త మీదికి చెంబు విసిరింది, బిడ్డను ఎత్తుకుని చేన్లకడ్డంగా పరుగెత్తింది. ఊరి పెద్ద పటేలు రిపోర్టు రాసినాడు. మొగుడు బండిలో తెచ్చి అప్పగించి, బిడ్డను ఇంటికి తీసుకుపోయినాడు. డాక్టరు చూసి పిచ్చి అని కాగితం రాసిస్తే బెంగళూరు పిచ్చాసుపత్రికి పంపాలి. డాక్టరేమో కలరా సూదులకని పల్లెలు తిరుగుతున్నాడు. ఆయన వచ్చేదాకా గొలుసు.

ఎన్ని దినాలైందన్నాను. తొమ్మిది అన్నాడు.

అంటే పోయిన సోమవారం నేను వరండాలో మజ్జిగ తాగుతున్నప్పుడు కూడా ఆమె ఆ గోడ అవతలే ఉంది. పుస్తకం తీసి చూసినాను. పోయిన సోమవారం పేజీలో, గది శుభ్రం, తిండి బాగుంది, ఫిర్యాదు లేదు. కింద నా సంతకం, చక్కగా, గుండ్రంగా. ఆ సంతకం చేసిన చేతిని ఏం చేసుకోవాలో తెలియలేదు.

వేణ్ణీళ్లు తెమ్మంటే ఖైదీలకు వేణ్ణీళ్లిచ్చే రూలు లేదన్నాడు. నీ కాఫీకి కాగుతున్న నీళ్లు తెమ్మని అరిచినాను. గుడ్డ ముంచి కాపడం పెట్టి, పాలు పిండినాను. ఎడమవైపు పాలతో పాటు చీము కూడా వచ్చింది. ఆమె పెదవి కొరుక్కుంది గానీ ఏడవలేదు. పిండినదంతా ముంతలో పట్టి, తీసుకుపోయి దఫేదారు మేజా మీద పెట్టినాను. తర్వాత ఆ దినం పేజీలోని గడులన్నిటినీ అడ్డంగా కొట్టేసి పేజీ నిండా రాసినాను.

మధ్యాహ్నానికి తాలూకా అధికారి అమల్దారు పిలిపించినాడు. కూర్చోమనలేదు గానీ కన్నడంలో మర్యాదగానే మాట్లాడినాడు. గది ఊడ్చినారా, ముద్ద పెట్టినారా, నీళ్లిచ్చినారా అని అడిగినాడు. అన్నిటికీ అవునన్నాను. మరి పాల సంగతి రాయడానికి పుస్తకంలో గడి యాడుందన్నాడు.

"గడి లేదని పాలు నిలిచిపోతాయా స్వామీ?" అన్నాను.

ఆ పేజీ తీసేసి కొత్తగా రాయమన్నాడు. రాయనన్నాను. పోనీ బిడ్డనైనా తల్లి దగ్గరికి పంపించమంటే, నేరం చేయని ప్రాణిని లాకప్పులో పెట్టడానికి చట్టం ఒప్పుకోదన్నాడు. నవ్వులాటకు అనలేదు, నిజంగా నమ్మే అన్నాడు. తల్లి చేసిన నేరమేందని అడిగితే కాగితాలు సర్దుకున్నాడు.

ఆ సాయంత్రమే బండి మాట్లాడుకుని ఆ పల్లెకు పోయినాను. మొగుడు చెనిక్కాయ చేనులో ఉన్నాడు. కాలికి గొలుసేసినారు, నీకు తెలుసా అని అడిగినాను.

"నేనుండంగనే ఏసినారు నర్సమ్మా," అన్నాడు, తల దించుకుని. "పెద్దోళ్లు చూసుకుంటామన్యారు."

ఇంట్లో అత్త బిడ్డకు గుడ్డవత్తితో మేకపాలు చీకిస్తోంది. బిడ్డ ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ లేవు. పిచ్చిదాని పాలు తాగితే బిడ్డకూ పిచ్చి పడుతుందని ఇవ్వనంది. ఎంత చెప్పినా వినలేదు. పిల్ల పుట్టింటికి చెప్పినారా అంటే ఎవరూ చెప్పలేదు. పుట్టిల్లు మా సర్కారు సరిహద్దు ఎల్లకట్టు దాటితే రెండు మైళ్లు, మద్రాసు సర్కారులో. వేరే సర్కారు వాళ్లకు కబురెందుకని పటేలు అన్నాడంట. అదే బండిలో నేనే పోయి చెప్పినాను.

మరుసటి పొద్దున ఆ పిల్ల తల్లి అత్తగారింటికి వచ్చింది. అత్త ఒళ్లోంచి బిడ్డను తీసుకుంది, ఎవరినీ అడగలేదు. నడుచుకుంటూ ఠాణాకు వచ్చి వరండాలో కూర్చుంది. బిడ్డ ఏడుపు వినిపించి లోపల గొలుసు గలగలమంది. బిడ్డను లోపలికి పంపే ఉత్తరువు లేదన్నాడు దఫేదారు.

"బిడ్డ లోపలికి పోకూడదు గానీ, ఆ పిల్ల వరండాలోకి రాకూడదని యాడన్నా రాసినారా అప్పా?" అన్నాను.

అతను పోయి గొలుసు విప్పినాడు.

మూడో దినం డాక్టరు వచ్చి, బాలింత జ్వరమే గానీ పిచ్చి కాదని రాసి సల్ఫా మాత్రలిచ్చినాడు. అయినా ఇంకో రెండు దినాలు ఆపినారు. బెంగళూరుకు పంపే కాగితం ముందే తయారైందంట, దాన్ని రద్దు చేయడానికి వేరే కాగితం రావాలంట. ఎడమ రొమ్ము కోసి చీము తీయవలసి వచ్చింది. బిడ్డ బతికింది.

పని ఎక్కువైందని చెప్పి నన్ను ఆ తనిఖీ నుంచి తప్పించినారు. నేను ఏ పనీ ఎక్కువైందని అనలేదు. ఆర్నెల్లకు వేరే హోబళిలోని పల్లెలకు మార్చినారు.

ఆ పిల్ల తల్లితో పుట్టింటికి పోయింది. మొగుడు బండి కట్టుకుని మూడుసార్లు పోయినా రాలేదంట. చూసినారా, పిచ్చి ఇంకా పోలేదని అత్తగారి పల్లెలో అనుకున్నారంట. ఆ మాట నవ్వుతూ చెప్పడానికి వచ్చిన మనిషిని నేను కూర్చోమని కూడా అనకుండా గడపలోంచే పంపించేసినాను.