ఆగుదాం పిల్ల

ప్రొఫెసరుకి ఎదురు చెప్పి నెగ్గిన మనిషిని ఆ గదిలో బామ్మ ఒక్కసారే చూసింది. అదీ, కాస్త గట్టిగా మాట్లాడితే తన గొంతుకి తానే ఉలిక్కిపడే ఓ ఆడపిల్ల.

ఆ గదిలో బామ్మ ఉద్యోగం రోగిలా నటించడం. జబ్బు పడ్డవాళ్ళ మనసు మీద పీహెచ్‌డీ చేసే పిల్లలు నిజం రోగుల దగ్గరికి వెళ్ళేముందు ఇలాంటి ఉత్తుత్తి రోగులతో మాట్లాడి నేర్చుకోవాలి. నాలుగో తరగతితో బడి మానేసిన తన ముందు కాబోయే డాక్టర్లు నీళ్ళు నములుతుంటే బామ్మకి ఎక్కడలేని హుషారు.

ఆ రోజు ఆమె వేషం, గుండెపోటు నుంచి కోలుకుని ఇంటికెళ్ళిన మనిషిది. బాత్రూం తలుపు గడియ వేసుకోవాలంటే భయం. అంతవరకే నేర్పారు. బాగానే నడుస్తోంది. ఇంతలో, "మా ఆయన గడియ వేసుకున్నారమ్మా. తలుపు పగలగొట్టేసరికి..." అని నోరు జారింది.

ఎదురుగా కూర్చుని ప్రశ్నలడుగుతున్న ఆ పిల్ల రికార్డర్ కట్టేసింది. "ఇక ఆగుదాం" అంది.

అవతలివైపు నుంచి మాత్రమే కనిపించే అద్దం వెనక కూర్చుని చూస్తున్న ప్రొఫెసర్ లోపలికొచ్చాడు. "ఎందుకాపావు? సరిగ్గా రసపట్టులో."

"ఇది నటన కాదు సార్."

"ఆవిడ పనే నటన. నీ పని వినడం."

"మీరు రాసిచ్చిన కథలో భర్త లేడు సార్. ఉన్నాడా?"

ప్రొఫెసర్ ఏదో అనబోయి, కళ్ళద్దాలు తీసి కొంగుతో కళ్ళొత్తుకుంటున్న బామ్మని చూశాడు. "నువ్వే రైటు" అని తనే వెళ్ళి కెమెరా ఆపేశాడు.

ఆ నెగ్గడమే పిల్ల కొంప ముంచింది. అప్పట్నుంచి ఎదుటివాళ్ళు కళ్ళు దించితే చాలు, నిజంగానే బాధపడుతున్నారేమోనని దడ. కండక్టరుగా రిటైరైన ఇంకో ఉత్తుత్తి రోగి గొంతు సవరించుకున్నా, "ఆగుదామా అండీ?" అనేది. "దగ్గినా తప్పేనా తల్లీ" అని ఆయన గొణిగేవాడు. ఆగుదాం పిల్ల అని పేరే పడిపోయింది. చివరికి ప్రొఫెసర్ తేల్చేశాడు. ఉత్తుత్తి రోగితో పెట్టే చివరి పరీక్షలో కారణం లేకుండా ఆపితే, నిజం రోగులుండే వార్డులోకి పంపనన్నాడు. శిక్షణ మళ్ళీ మొదటికి.

పరీక్ష ముందురోజు సాయంత్రం, బామ్మ చెప్పులు తొడుక్కుంటుంటే పిల్ల వరండాలో ఎదురైంది. కొరకడానికి గోళ్ళు మిగల్లేదు, వేళ్ళ చివర్లు ఎర్రగా ఉన్నాయి. భుజాన సంచీలో అన్నం డబ్బా పొద్దున్నెంత బరువుందో ఇప్పుడూ అంతే ఉంది.

"బామ్మగారూ, రేపు పరీక్షలో నాకు రోగి మీరేనట."

"అయితే? మింగేస్తానా?"

"ఒక్క సాయం చెయ్యండి. నిజంగా బాధేస్తే కళ్ళద్దాలు తీసెయ్యండి. పెట్టుకునున్నంతసేపూ నేను ఆపను."

బామ్మకి ఒళ్ళు మండింది. "భేషుగ్గా ఉంది. వార్డులో మంచం మంచానికీ తిరిగి కళ్ళద్దాలు పంచిపెడతావా? ఇంత చదువు చదివి దొంగ సైగలా?"

ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. గోడవారనున్న బల్ల మీద కూలబడింది.

"నటనో నిజమో తెలియక కాదు బామ్మగారూ నేను ఆపేది" అంది. "ఆ తలుపు పగలగొట్టాక మీరేం చూశారో చెప్తే, విని తట్టుకోలేననిపించింది ఆ రోజు. నేను ఆపింది మీకోసం కాదేమో."

బామ్మ చెప్పులు విప్పేసి ఆమె పక్కన కూర్చుంది. ఆ తలుపు సంగతి కొడుకూ అడగలేదు, కోడలూ అడగలేదు. అడగబోతే కసిరింది తనే. ఆ రోజు రికార్డర్ ఆగగానే గుండెల్లో బరువు దిగిందా, ఇంకా పెరిగిందా? ఇప్పుడు తల్చుకుంటే పెరిగినట్టే ఉంది.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు మరి?" అంది, కసరకుండానే.

"సార్‌ని ముందే అడిగాను, మీకు ఇష్టమైతే సరేనన్నారు. మిమ్మల్ని అడిగే ధైర్యం చాలక కళ్ళద్దాల మాటెత్తాను. రేపు నటించకండి. ఆ తలుపు దగ్గరే మొదలుపెట్టండి. మీరు ఆపమంటే ఆపుతాను. నా మొహం చూసి జాలిపడి మాత్రం మీరు ఆపకండి."